హ్యాట్‌ఫుల్ ఆఫ్ హాలో: రేడియో స్టూడియోలో పుట్టిన రికార్డు

ఇంగ్లండ్‌కు చెందిన రాక్ బృందం ది స్మిత్స్ పాటలు మొదటిసారి వినబోయేవారికి నేను చేతికిచ్చే రికార్డు వాళ్ల తొలి ఆల్బం కాదు. తొమ్మిది నెలల తర్వాత, 1984 నవంబరులో రఫ్ ట్రేడ్ రికార్డు సంస్థ విడుదల చేసిన ‘హ్యాట్‌ఫుల్ ఆఫ్ హాలో’. ఇందులోని 16 పాటల్లో 10 పాటలు 1983లో బీబీసీ రేడియో 1 కోసం వాయించినవి. అప్పటికి ఆ నలుగురు మాంచెస్టర్ కుర్రవాళ్లకు ఒక్క ఆల్బమైనా లేదు. లీడ్స్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా విన్నది ఈ ఎల్పీనే.

విజయవాడ ఆకాశవాణిలో లలిత సంగీతానికి తబలా వాయించినవాణ్ణి. రేడియో రికార్డింగు ఎలా ఉంటుందో అనుభవంతో తెలుసు. ఎర్ర దీపం వెలిగిందంటే ఊపిరి బిగబట్టాలి. పాట ఆ పూటకే పూర్తి కావాలి. మెరుగులు దిద్దుకునే వ్యవధి ఉండదు, చేతిలో ఉన్న విద్య ఉన్నట్టే బయటపడుతుంది. లండన్‌లో బీబీసీ వారి మైడా వేల్ స్టూడియోలో, రేడియో 1 వ్యాఖ్యాత జాన్ పీల్ కార్యక్రమం కోసం జరిగినదీ అదే పద్ధతి. సాధారణంగా ఒక్క రోజులో నాలుగు పాటలు వాయించి, గొంతు, వాద్యాల పాళ్లు కుదిర్చే మిక్సింగుతో సహా ముగించాలి.

కొత్తవాళ్లకు అంత చోటు దొరకడం వెనుక ఒక కారణం ఉంది. సంగీతకారుల యూనియన్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం బీబీసీ అప్పట్లో గ్రామఫోను రికార్డులను ఇన్ని గంటలకు మించి ప్రసారం చేయకూడదు. మిగిలిన సమయానికి సంగీతకారులను పిలిచి వాయింపించాలి. ఆ అవసరాన్ని అవకాశంగా మలిచినవారు పీల్, ఆయన నిర్మాత జాన్ వాల్టర్స్. 1983 మేలో లండన్ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘ భవనంలో ఈ బృందం కచేరీ విని వాల్టర్స్ వెంటనే కబురు పెట్టారు. ఆ నెలాఖరులోనే పాటలు ప్రసారమయ్యాయి. ఆ వేసవిలోనే రేడియో 1 మరో వ్యాఖ్యాత డేవిడ్ జెన్సన్ కూడా తన కార్యక్రమానికి పిలిచారు. ఊరూ పేరూ తెలియని పిల్లలను విన్న వెంటనే పిలిచిన ఆ మనుషులంటే నాకు ఎంతో గౌరవం.

‘దిస్ చార్మింగ్ మ్యాన్’ సంగతి చూడండి. గిటారిస్టు జానీ మార్ దానికి బాణీ కట్టిందే పీల్ రికార్డింగు కోసం. అది విన్న రఫ్ ట్రేడ్ అధిపతి జెఫ్ ట్రావిస్ దాన్నే సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా వేద్దామన్నారు. బ్రిటిష్ అమ్మకాల పట్టికలో 25వ స్థానం దాకా వెళ్లింది. సింగిల్ ఆరంభంలో అందరికీ తెలిసిన గిటారు వరస ఈ రేడియో రూపంలో లేదు, బృందమంతా నేరుగా పాటలోకి దిగుతుంది. ఆండీ రూర్క్ బేస్ గిటారు పాటను ముందుకు తోస్తుంటే మైక్ జాయిస్ డ్రమ్స్ దాన్ని పట్టి ఉంచుతాయి. లయ తెలిసినవారు ఆ ఇద్దరి మధ్య సర్దుబాటు వినండి. ఒకరు రవ్వంత తొందరపడితే రెండోవారు ఊరుకోరు.

‘రీల్ అరౌండ్ ది ఫౌంటెన్’కు తొలి ఆల్బంలో పియానో, ఆర్గన్ తొడిగారు. ఇక్కడ అవి లేవు. గాయకుడు మోరిసీ గొంతు చుట్టూ ఖాళీ ఉంది, ఆ ఖాళీలోనే పాట బరువు తెలుస్తుంది. ‘బ్యాక్ టు ది ఓల్డ్ హౌస్’ అయితే ఒక్క గొంతు, ఒక్క అకూస్టిక్ గిటారు, అంతే. డ్రమ్స్ లేకపోయినా మార్ వేళ్లలో తాళం తప్పదు. తంత్రి మీద వేలు జరిగే శబ్దం కూడా వినిపిస్తుంది. ఇదే పాటను మొత్తం బృందంతో వాయించిన సింగిల్ రూపం కూడా విన్నాను. దీని ముందు నిలవదు.

లోపాలూ ఉన్నాయి. దాదాపు 56 నిమిషాల సంగీతాన్ని ఒక్క ఎల్పీలో ఇరికించడంతో రికార్డు మీది గాడులు సన్నబడి శబ్దం కాస్త తగ్గింది, వాల్యూమ్ పెంచక తప్పదు. ‘హౌ సూన్ ఈజ్ నౌ?’ గొప్ప పాటే. 1984 చివర పీల్ శ్రోతలు ఓట్లు వేసి దాన్ని మొదటి స్థానంలో నిలబెట్టారు. కానీ పొరలు పొరలుగా గిటార్లు పేర్చి స్టూడియోలో తీర్చిదిద్దిన ఆ ఏడు నిమిషాల పాట ఈ నిరాడంబరమైన రికార్డింగుల మధ్య ఇమడలేదు. దాన్ని విడిగా వినడమే మేలు. ‘యాక్సెప్ట్ యువర్‌సెల్ఫ్’ నాకు అంతగా పట్టలేదు.

పాత ప్రతి అట్ట మీద 3.99 పౌండ్లకు మించి చెల్లించవద్దని అచ్చు వేశారు. ఇప్పుడు ఆ ధరకు రాదు. పాత ప్రతి కోసం వెతకనక్కర్లేదు, 2011లో మార్ పర్యవేక్షణలో శబ్దం సరిచేసి మళ్లీ తెచ్చిన ప్రతి కొనుక్కోండి. ఎల్పీ అయితే రెండో వైపు ముందు పెట్టండి, చివరి మూడు పాటలూ వరసగా, మధ్యలో లేవకుండా వినండి.