జుమేరాత్ బజార్ నుంచి ఎర్రగడ్డ దాకా: పాత స్టీరియోల వేటలో నాలుగు రోజులు

హనుమకొండలో పాత స్టీరియోలు బాగుచేయించి అమ్ముతుంటాను. ఈసారి బుధవారం రాత్రి హైదరాబాద్‌లో దిగి, గురువారం జరిగే జుమేరాత్ బజార్, ఆదివారం జరిగే ఎర్రగడ్డ, ఈ రెండు పాతసామాను సంతలూ ఒకే ట్రిప్పులో చూసొచ్చాను.

ముందు బస సంగతి. పోయినసారి అమీర్‌పేటలో ఏసీ గది తీసుకున్నాను. లిఫ్ట్ పనిచేయక రెండు స్పీకర్లు మూడంతస్తులు మోశాను, నడుం పట్టేసింది. ఈసారి నాంపల్లి స్టేషన్ దగ్గర రోజుకు 1,100 రూపాయల లాడ్జి. పొద్దున ఎనిమిది దాటితే వేడినీళ్లు రావు. కానీ గది కిందనే, బల్ల ఉంది, దాని పక్కనే ప్లగ్ పాయింటు ఉంది. మా పనికి అంతకన్నా ఏం కావాలి! కోఠీకి, ఎర్రగడ్డకు మెట్రో మారకుండా వెళ్లొచ్చు. సరుకుతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆటోనే.

జుమేరాత్ బజార్‌కు తెల్లారకముందే వెళ్లాలి. తాళాలు, ఇత్తడి గిన్నెలు, విరిగిన మిక్సీల మధ్య ఆడియో సామాను తక్కువే. కరెంటు పెట్టి చూసే వీలుండదు. అందుకే జేబులో ఒక పెన్సిల్ సెల్, రెండు వైరు ముక్కలు ఉంచుకుంటాను. స్పీకర్ వెనక తాకిస్తే టప్‌మని కోను (ముందుండే గిన్నెలాంటి భాగం) కదలాలి, అంటే కాయిల్ (లోపలి తీగచుట్ట) బాగానే ఉన్నట్టు. తర్వాత కోను చుట్టూ ఉన్న ఫోమ్ అంచును వేలితో మెల్లగా నొక్కుతాను. ఆ రోజు చూసిన జతలో అది బూడిదలా రాలింది, వదిలేశాను.

అక్కడే ఒక టర్న్‌టేబుల్ (రికార్డులు తిప్పే ప్లేయర్) దొరికింది. ‘సౌదీ నుంచి తెచ్చింది సార్, నడుస్తది’ అన్నాడు. 4,000 చెప్పి 2,200కు ఇచ్చాడు. లాడ్జికి తెచ్చి సుశీల పాట పెడితే గొంతు బరువెక్కి, మగగొంతులా సాగింది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఒక షాపులో బెల్టు సాగిపోయిందని 600 తీసుకుని కొత్తది వేశారు, తేడా రాలేదు. కోఠీలో గుజరాతీ గల్లీ దగ్గర పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. బెల్టు ముట్టుకోకుండా సెట్టు తిరగేసి, వెనక రేకు మీది అక్షరాలు చూపించాడు: 60 హెర్ట్జ్. అంటే కరెంటు సెకనుకు అన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందని. సౌదీ కరెంటు 60, మనది 50. ఇలాంటి మోటారు వేగం దాన్ని బట్టే ఉంటుంది. నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సిన పళ్లెం దాదాపు 28 సార్లే తిరుగుతోంది! బెల్టు తిరిగే చిన్న పుల్లీ 10 మిల్లీమీటర్లు ఉంటే, లేత్ మీద 12ది చేయించమన్నాడు. సలహాకు డబ్బు తీసుకోనన్నాడు, చాయ్ ఒకటే తాగాడు. పుల్లీకి లేత్ షాపులో 350 అయింది. సుశీల గొంతు తిరిగొచ్చింది. హైదరాబాద్‌లో నేను వెతికేది సరుకు కంటే ముందు ఇలాంటి చేతుల్నే.

స్టీరియోల వరకు ఎర్రగడ్డ ఆదివారం సంతే మేలు. ఎలక్ట్రానిక్ సామాను ఎక్కువ, బేరమూ గట్టిగానే చేయాలి, ధరలు వాళ్లకూ తెలుసు. ఒక సాన్సుయ్ ఆంప్లిఫయర్ 3,500కు తీసుకున్నాను. స్క్రూల తలలు అరగలేదు, అంటే ఎవరూ పదేపదే విప్పలేదు. నాకు అదే పెద్ద ధైర్యం. వెనక వోల్టేజి మీట 120 మీద ఉంది, చూసుకోకుండా ప్లగ్ పెడితే పొగే. 240కి మార్చి, లాడ్జిలో వంద వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి, అంటే కరెంటు ముందు బల్బు గుండా వెళ్లి ఆంప్లిఫయర్‌కు చేరేలా కలిపి, ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి మెల్లగా మసకబారింది. అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో డీసీ (స్పీకర్ కాయిల్‌ను కాల్చేసే ఒకే దిశ కరెంటు) చూస్తే కొన్ని మిల్లీవోల్టులే, స్పీకర్లకు భయం లేదు. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరలాడింది, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోయింది.

ఆ ఆంప్లిఫయర్‌లో రెండు కెపాసిటర్లు మార్పించాను, దాని మొత్తం ఖర్చు 5,000 దాటలేదు. రిటైరైన మాస్టారు ఒకాయన 9,500కు తీసుకున్నారు. ఏం మార్చామో, ఏది పాతదో కాగితం మీద రాసిచ్చాను. టర్న్‌టేబుల్‌కు మాత్రం కొత్త సూది రావాలి. ఇప్పుడున్నది అరిగిపోయింది, దాంతో అమ్మితే కొన్నవాళ్ల రికార్డులు గీసుకుపోతాయి. సూది వచ్చేదాకా అది మా ఇంట్లోనే.