పంది లేని పొగగొట్టాలు, మంచాలు లేని తీరం

ఇంగ్లండ్‌లో వారం రోజులుండి, మ్యూజియాలు వదిలేసి, పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందం రికార్డు అట్టల వెంట తిరిగానంటే ఇంట్లోవాళ్లు ఇంకా నవ్వుతున్నారు. ఆ అట్టల్లో చాలావాటి వెనక ఉన్న డిజైనర్ స్టార్మ్ థార్గర్సన్‌ది ఒకటే పట్టు. బొమ్మ ఎంత వింతదైనా సరే, నిజంగా పేర్చి ఫొటో తీయాల్సిందే. అలా పేర్చిన చోట ఇప్పుడేముందో చూడాలనిపించింది.

మొదట లండన్‌లో నాలుగు పొగగొట్టాల పాత కరెంటు కేంద్రం, బ్యాటర్‌సీ పవర్ స్టేషన్. 'యానిమల్స్' ఆల్బమ్ అట్ట కోసం 1976 డిసెంబరులో ఇక్కడే 40 అడుగుల గాలి నింపిన పందిబొమ్మని ఎగరేశారు. ఈ ఆలోచన మాత్రం బృందంలోని రోజర్ వాటర్స్‌ది. పంది తాడు తెంపుకుని పోయి కెంట్‌లో ఒక పొలంలో పడింది. చివరికి మొదటిరోజు మబ్బుల ఆకాశం మీద వేరే రోజు తీసిన పందిని అతికించారు. ఇంత హడావిడీ చేసి అతుకుబొమ్మా అని నాకైతే కాస్త ఉసూరుమంది.

ఇప్పుడక్కడ షాపింగ్ మాల్. మెట్రో దిగితే పక్కనే, దారి వెతుక్కునే పని లేదు. ఒక పొగగొట్టంలోంచి 109 మీటర్ల ఎత్తుకి గాజు లిఫ్ట్ వెళ్తుంది. సిబ్బంది మర్యాదగా ఉన్నారు, క్యూ కూడా చకచకా కదిలింది. కానీ పైకెక్కితే మీరెక్కిన గొట్టమే మీకు కనిపించదు! థేమ్స్ అవతలి ఒడ్డున నిలబడితే నాలుగూ కనిపిస్తాయి, టికెట్ లేకుండా. పైగా ఆ నాలుగూ పాతవి కూల్చి అచ్చం అలాగే మళ్లీ కట్టినవి.

ఈలీకి కింగ్స్ క్రాస్ నుంచి రైల్లో గంటా పది నిమిషాలు. 1994లో వచ్చిన 'ది డివిజన్ బెల్' అట్ట మీది రెండు పెద్ద లోహపు తలల్ని ఈ ఊరి దగ్గర పొలంలోనే ఎదురెదురుగా నిలబెట్టారు. వాటి మధ్య సందులో దూరంగా కనిపించేది ఈలీ కెతీడ్రల్. తలలు అమెరికాలోని క్లీవ్‌లాండ్ మ్యూజియానికి వెళ్లిపోయాయి. బల్లపరుపు నేల మీద ఆ చర్చి మైళ్ల దూరం నుంచి ఓడలా కనిపిస్తుంది. పూటలో చూసి వచ్చేయొచ్చు, రాత్రి ఉండక్కర్లేదు.

అసలు చూడాల్సింది డెవన్‌లోని సాంటన్ శాండ్స్. 1987లో 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్' కోసం ఈ ఇసుక మీద 700 ఆసుపత్రి మంచాలు వరసగా పరిచారు. అన్నీ నిజం మంచాలే, దుప్పట్లతో సహా. అంతా పరిచాక వాన వచ్చింది. సర్దుకుని వెళ్లి, రెండు వారాల తర్వాత వచ్చి మళ్లీ మొదటి నుంచీ పరిచారు.

ఇది చదివినప్పుడు మామూలు కబురే. అక్కడ నిలబడితే వేరు. ఎక్సెటర్ నుంచి బార్న్‌స్టపుల్‌కి చిన్న రైలు, అక్కడి నుంచి బస్సు. దిగాక ఐదు కిలోమీటర్ల ఖాళీ ఇసుక. ఆటు సమయం కాబట్టి నీళ్లు ఎక్కడో ఉన్నాయి. వీపు మీది బ్యాగు కింద పెట్టి పది నిమిషాలు ఫొటోలు తీసుకునేసరికి దాని అడుగు తడిసిపోయి, చుట్టూ చిన్న గుంట పడింది. ఒక్క బ్యాగుకే ఇలా ఉంటే 700 ఇనప మంచాల కాళ్లు ఎంత దిగబడి ఉంటాయి! ఒక్కోదాన్నీ ఎత్తి, దుప్పటి సర్ది, వరస చూసుకుని, అదీ రెండుసార్లు. పందికి చేసినట్టు అతికించేస్తే పోయేది కదా అని అక్కడ మాత్రం నాకు అనిపించలేదు.

అరగంటలో నాకూ వాన తగిలింది. తలదాచుకోవడానికి దగ్గర్లో ఏమీ లేదు, గొడుగు గాలికి తిరగబడింది. తిరుగు బస్సు కోసం గంటకు పైగా నిలబడ్డాను. కారు లేకుండా వెళ్లేవాళ్లు బస్సు వేళలు ముందే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

బస ఊళ్లోనే ఒక చిన్న ఇంట్లో. సముద్రం కనిపించే గది అన్నారు. కనిపించింది, బాత్రూం కిటికీ దగ్గర మునివేళ్ల మీద లేస్తే. పొద్దున టిఫిన్ వేళకి పెట్టారు, తడిసిన బూట్లు హీటర్ పక్కన ఆరబెట్టి ఇచ్చారు, అందుకని పెద్దగా గొడవ పెట్టుకోలేదు. మంచం మాత్రం ఇనపది. పక్కకి ఒత్తిగిలితే చాలు, కిర్రుమనేది.