నల్లగొండలో పూల పని: దుకాణం మేలా, డెకరేషన్ మేలా?

ప్రైవేటు స్కూల్లో 12 ఏళ్లు తెలుగు చెప్పాను. 2024 ఏప్రిల్‌లో మానేసి పూల పనిలోకి వచ్చాను. నాతో పనిచేసిన టీచర్లు, వాళ్ల చెల్లెళ్లు, కాంట్రాక్టు ఉద్యోగాల్లో విసిగిపోయినవాళ్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అక్కా, నేనూ మానేద్దామనుకుంటున్నా. దుకాణం పెట్టనా, డెకరేషన్ ఆర్డర్లు పట్టనా?" ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదిది. నేను రెండూ చేశాను. ముందు ఏడాది పైచిలుకు డెకరేషన్ ఒక్కటే. తర్వాత ప్రకాశం బజార్ దగ్గర ఒక పూల దుకాణంలో సగం వాటా తీసుకున్నాను, ఆర్డర్లూ మానలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఎంత వస్తుందన్నది తర్వాత, ఎప్పుడెప్పుడు వస్తుందో ముందు చూడండి. జీతం ఎంత తక్కువైనా ఒకటో తారీఖుకో ఐదో తారీఖుకో వస్తుంది. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, చిట్టీ, అన్నీ ఆ తారీఖు మీదే నడుస్తాయి. డెకరేషన్‌లో తారీఖులు మన చేతిలో ఉండవు, పంచాంగం చేతిలో ఉంటాయి. నాకు దెబ్బ తగిలింది అక్కడే. ఎండాకాలం పెళ్లిళ్ల సీజన్ కదా, స్కూలు అయిపోగానే దిగుదామనుకున్నాను. లక్షా 60 వేలు పెట్టి ఇనుప ఫ్రేములు, పరదాలు, స్టాండ్లు, లైట్లు కొన్నాను. పంచాంగం మాత్రం తెరిచి చూడలేదు. ఆ ఏడాది ఏప్రిల్ చివర పట్టుకున్న మూఢం జూలైలో గానీ వదల్లేదు. మే, జూన్‌లలో లగ్గాలు లేవు. మూఢం వదిలేలోపే ఆషాఢం వచ్చింది. ఆగస్టులో శ్రావణం వచ్చేదాకా సామానంతా మా ముందు గదిలోనే ఉంది. బారసాలలు నాలుగు, పుట్టినరోజులు కొన్ని, ఒక రిటైర్మెంట్ సభ, అంతే నా సంపాదన. మా ఆయన జీతం లేకపోతే ఆ మూడు నెలలు మేం గట్టెక్కేవాళ్లం కాదు.

దుకాణానికి మూఢం లేదు. శుక్రవారం లక్ష్మీపూజకు, శనివారం వెంకన్నకు, సోమవారం శివాలయానికి పూలు పోతూనే ఉంటాయి. అమావాస్య వస్తే చెరువుగట్టు పోయేవాళ్లు పొద్దున్నే దండలు అడుగుతారు. వినాయకుడి నవరాత్రులు, బతుకమ్మ, దీపావళి సరే సరి. ఎవరైనా పోతే దండల కోసం వస్తారు. ఆ గిరాకీకి రేటు పెంచకూడదని మా దుకాణంలో నియమం. రోజూ చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి. ఆషాఢంలో అమ్మకం సగానికి పడింది కానీ ఆగిపోలేదు.

మరి దుకాణమే మేలు కదా అంటారు. నా వాటాదారు, మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన, 40 ఏళ్లుగా దండలు కడుతున్నాడు. దారం ఒక కొసను కుడికాలి బొటనవేలికి చుట్టుకుని కూర్చుంటాడు. ఎడమచేతిలో రెండు మల్లెమొగ్గలు అటు, రెండు ఇటు, తొడిమలు ఎదురెదురుగా. కుడిచేత్తో దారం ఒక మెలిక తిప్పి బిగిస్తాడు. చూపు రోడ్డు మీదే ఉంటుంది, చేతులు ఆగవు. నేను అదే ముడి వేస్తే మొదటి నెలంతా, గట్టిగా లాగితే తొడిమలు తెగేవి, వదులుగా ఉంచితే మూర కొలిచేటప్పుడు మొగ్గలు జారేవి. పూలు కిలోల లెక్కన తెస్తాం, మూరల లెక్కన అమ్ముతాం. కిలో మల్లె ఎన్ని మూరలవుతుందో చేతికి తెలియాలి. మూరకు నాలుగు మొగ్గలు ఎక్కువ పోయినా సాయంత్రానికి లాభం కనిపించదు. "బేటీ, పూలు కొనేటప్పుడు కాదు, కట్టేటప్పుడు పైసలు పోతాయి" అని ఆయన నాకు మొదటి రోజే చెప్పాడు. ఈ చేయి కుదరడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

దానికి తోడు అమ్ముడుపోక మిగిలే పూల బాధ. సరుకు హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి రావాలి. మనం తెల్లవారుజామున అక్కడ ఉండాలి, లేదా నమ్మకమైన మనిషి కట్ట కట్టి బస్సుకు వేయాలి. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా ఇక్కడికి చేరేసరికి బాగా పొద్దెక్కుతుంది. మల్లె ఆ రోజే అమ్ముడుపోవాలి. చామంతి, బంతి రెండు రోజులు ఆగుతాయి, గులాబీ నీళ్లలో ఉంటే ఇంకా ఆగుతుంది. తడి గోనెసంచి కింద, అరటాకు పైన, ఇదే మా ఫ్రిజ్. మిగిలింది చెత్తకే. ఉద్దెర సంగతి వేరే చెప్పాలా? రోజూ దేవుడికి దండ తీసుకుపోయే మనిషిని పైసలు అడగడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. నెలాఖరున చాచానే అడుగుతాడు.

డెకరేషన్‌లో మూరల లెక్క, మిగులు బాధ ఉండవు. ఆర్డరుకు సరిపడా తెస్తాం, అదే రోజు వాడేస్తాం. ఒక్క లగ్గం దుకాణం నెల సంపాదనంత ఇవ్వగలదు. కానీ అది పూల పని మాత్రమే అనుకుంటే పొరపాటు. నిచ్చెన ఎక్కే ఇద్దరు పిల్లలు, ట్రాలీ ఆటో, రాత్రి పదకొండుకు హాలు మన చేతికి ఇచ్చి తెల్లారేసరికి మండపం కావాలనే ఒప్పందం, వీటన్నిటితో నడిచే పని అది. ఆడవాళ్లు రాత్రంతా ఫంక్షన్ హాల్లో ఉండాలంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, వెంట మన మనిషి ఒకరుండాలి. ఇది ముందే మాట్లాడుకోకుండా ఆర్డరు పట్టకండి.

పూల గుణాలు తెలియకపోతే కళ్లముందే నష్టం. ఒక సీమంతానికి జర్బెరాలు, గ్లాడియోలస్ రెండు రోజుల ముందే తెచ్చి బకెట్లలో బోరు నీళ్లు పోసి పెట్టాను. ఫంక్షన్ పొద్దున చూస్తే జర్బెరా రేకుల కొసలు కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. గ్లాడియోలస్ పైమొగ్గలు విచ్చుకోనేలేదు. మార్కెట్‌లో పాత సరుకు అంటగట్టారని కోపం వచ్చింది. ఉద్యానశాఖలో పనిచేసే మా బంధువు ఒకాయన అడిగాడు, "నీళ్లు ఎక్కడివి?" అని. మన నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఎముకల్ని వంచుతుందని చిన్నప్పటి నుంచి చూస్తున్నాం, పూలనూ కాలుస్తుందని నాకు తోచలేదు. తాగే నీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము మించకపోతే మంచిది, తప్పనిసరైతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. జర్బెరా, గ్లాడియోలస్‌లకు ఆ 1 మిల్లీగ్రామే ఎక్కువ. ఇప్పుడు ఆ రెండు పూలకు నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే పోస్తాం. ఫంక్షన్ హాలుకు పోయేటప్పుడు మా క్యాన్లు మేమే తీసుకుపోతాం. బెంగళూరులోనో ఆన్‌లైన్‌లోనో నేర్చుకుని వచ్చేవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు.

ఇంకొకటి, తాంబూలాల అరటిగెలలు పెట్టిన గదిలో పూలు పెట్టకండి. పండే కాయ నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. కార్నేషన్ పూలు దానికి తెల్లారేసరికి ముడుచుకుపోతాయి.

అసలు పూలా, ప్లాస్టిక్ పూలా అన్న ప్రశ్నకు నా జవాబు చిన్నదే. మనిషి ముఖానికి దగ్గరగా ఉండేవి, అంటే దండలు, పూలజడ, ఊయల, మంగళస్నానం చేయించే చోటు, అక్కడ అసలు పూలే. వాసన లేని పూలజడ పెళ్లికూతురికి వేయడానికి నాకు మనసొప్పదు. వెనక గోడకు, 12 అడుగుల ఎత్తున, ప్లాస్టిక్ పెట్టినా నేను తప్పుపట్టను. కాడలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ మాత్రం మానేశాను. అది మట్టిలో కలవదు, దాని పొడి గాలిలోకి లేస్తుంది. దాని బదులు ఇనుప జాలీ ముద్ద చేసి గిన్నెలో పెట్టి కాడలు గుచ్చుతున్నాం.

ఇప్పుడు ఏది మేలంటే, మీ ఇల్లు మీ సంపాదన మీదే నడుస్తుంటే డెకరేషన్‌తో మొదలుపెట్టవద్దు. సొంత దుకాణం కూడా వద్దు. అడ్వాన్సు, కిరాయి కలిపి మొదటి నెలలోనే నడుం విరుగుతుంది. పాత దుకాణంలో వాటాయో, రోజుకు నాలుగు గంటల పనో అడగండి. చేయి కుదురుతుంది, ఊళ్లో ఎవరింట్లో ఏ ఫంక్షన్ ఉందో మొదట తెలిసేది పూల దుకాణానికే. ఇంట్లో ఇంకో జీతం ఉంటే, కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని ఇంటి నుంచే చిన్న ఆర్డర్లు చేయండి: బారసాల, చీరల ఫంక్షన్, గృహప్రవేశం, పూలజడలు. ఇవి పగటి పనులు, ఇద్దరితో అయిపోతాయి. పెద్ద మండపాలు రెండో ఏడాదికి ఉంచండి. నేను ఇదంతా తలకిందులుగా చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణంలో శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా ఇస్తారు. మొదటి ఏడాదికి శిశు చాలు. ఫ్రేములు, లైట్లు కొనకుండా కిరాయికి తెచ్చుకుంటే ఆ 50 వేలు కూడా పూర్తిగా అవసరం పడవు.

బయానా తీసుకోకుండా పూలు బుక్ చేయకండి, ఎంత దగ్గర చుట్టాలైనా సరే. నేను సగం బయానా ముందు, మిగతా సగం మండపం కట్టే రోజు సాయంత్రం తీసుకుంటాను. అప్పగింతల తర్వాత ఇస్తామన్న ఒక ఇంటివాళ్ల నుంచి 9 వేలు రావడానికి నాకు ఐదు నెలలు పట్టింది. పెళ్లింట్లో ఆ పూట పైసలెవరి దగ్గరున్నాయో వాళ్లకే తెలియదు, తప్పు వాళ్లదని కూడా అనలేను. మీరు ఏప్రిల్‌లో రాజీనామా ఇవ్వాలనుకుంటే, కాగితం రాయకముందే కొత్త పంచాంగం కొని మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు వదులుతుందో చూసుకుని, అప్పుడు ఫోన్ చేయండి.