జాబితా రాసుకోని బూట్ మేనేజర్: రీఫైండ్‌తో నా అనుభవం

కంప్యూటర్ ఆన్ చేయగానే అందులోని విండోస్, లినక్స్ వంటి వ్యవస్థల్లో ఏది తెరవాలో అడిగే ప్రోగ్రాం బూట్ మేనేజర్. వాటిలో రీఫైండ్ నాకు నచ్చింది ఒక్క కారణానికే. అది ముందుగా జాబితా రాసి పెట్టుకోదు. సిస్టమ్ ఆన్ చేసిన ప్రతిసారీ డిస్కులన్నీ కొత్తగా వెతికి, అప్పటికి ఏమేమి దొరికితే వాటి బొమ్మలను తెర మీద వరుసగా పెడుతుంది. ఇందులో అంత విశేషమేముందని మీకు అనిపిస్తే, లినక్స్‌తో మామూలుగా వచ్చే బూట్ మేనేజర్ గ్రబ్ మిమ్మల్ని ఇంకా ఏడిపించలేదన్నమాట.

గ్రబ్ తీరు వేరు. లినక్స్‌లో ఉండగా మెనూ ఫైలు తయారు చేయించాలి. ఆ తరవాత అందులో ఉన్నదే చూపిస్తుంది. పక్కనున్న ఇతర వ్యవస్థలను వెతికే పనిని 2021లో వచ్చిన 2.06 వెర్షన్ నుంచి భద్రత పేరుతో ఆపి ఉంచారు. తిరిగి మొదలుపెట్టించడానికి గ్రబ్ సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస చేరిస్తే చాలు. ఆ సంగతి తెలియనివాళ్లకు మాత్రం ఓ రోజు మెనూలోంచి విండోస్ మాయమవుతుంది. నాకు విండోస్ మాయమైతే పూట గడవదు. నేను విజయవాడలో డీటీపీ చేస్తాను. నేను పని చేసే ప్రెస్సులు ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే అడుగుతాయి, అవి నాకు విండోస్‌లోనే ఉన్నాయి. పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి ఈ-బుక్కులు తయారు చేసే పని ఉబుంటు అనే లినక్స్‌లో. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుకు ఫెడోరా అనే మరో లినక్స్. మూడూ ఒకే కేబినెట్‌లో ఉన్నాయి. రీఫైండ్ పెట్టాక చాలాకాలం దాని గురించి ఆలోచించే అవసరమే రాలేదు.

అసలు పరీక్ష 2024 సెప్టెంబరులో వచ్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మాది పల్లపు వీధి. కేబినెట్‌ను అటక మీదికి ఎక్కించి, గుంటూరులో మా పెద్దమ్మ గారింటికి వెళ్లిపోయాం. కేబినెట్ దాకా నీళ్లు రాలేదు కాని చెమ్మ పట్టింది. తిరిగొచ్చాక ఉన్నపళంగా కరెంటు ఇవ్వడానికి ధైర్యం చాలక గవర్నర్‌పేటలో ఒక సర్వీసు దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు జాగ్రత్తపరుడే. డిస్కుల కేబుళ్లు తీసేసి, బోర్డు ఒక్కదాన్నే ఆన్ చేసి, అది బాగుందని తేల్చుకున్నాకే డిస్కులు తగిలించాడు. చేయవలసిన పద్ధతీ అదే.

తీరా చూస్తే సిస్టమ్ నేరుగా విండోస్‌లోకి వెళ్లింది. రీఫైండ్ తెర జాడ లేదు.

“బోర్డు బాగానే ఉంది అక్కా, మీ లినక్స్ మాత్రం పోయినట్టుంది. ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించమంటారా?”

“ఫార్మాట్ మాట ఎత్తకు బాబూ!” అని కేబినెట్ ఆటోలో పెట్టించుకుని ఇంటికి వచ్చేశాను. ఏలూరు రోడ్డులోని ఒక ప్రచురణకర్తకు ఇవ్వవలసిన పుస్తకం మొత్తం ఆ ఉబుంటులోనే ఉంది.

జరిగింది ఇదీ. రీఫైండ్ ఫైళ్లు ఉండేది డిస్కులోనే అయినా, ముందుగా దాన్నే పిలవాలన్న నమోదు మదర్‌బోర్డు మీది ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం ఫర్మ్‌వేర్. కొన్ని ఫర్మ్‌వేర్లు డిస్కు కనిపించని ఒక్క బూటుకే ఆ డిస్కు నమోదులను కొట్టేస్తాయి. డిస్కు మళ్లీ తగిలించగానే విండోస్ నమోదును మాత్రం తామే రాసుకుంటాయి, దాని ఫైలు ఏ ఫోల్డరులో ఉంటుందో వాటికి కంఠతా వచ్చు కనుక. మిగతావాటి ఊసు ఎత్తవు. ఈ బోర్డు తయారుచేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. కొట్టేసే ముందు ఒక్క మాట అడిగితే వాళ్ల సొమ్మేం పోయింది?

రీఫైండ్‌కు పెన్‌డ్రైవ్ ఇమేజ్ ఒకటి విడిగా దొరుకుతుంది. విండోస్‌లోంచే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రాసి, బోర్డు బూట్ మెనూలో ఎంచుకున్నాను. మహా అయితే ఉబుంటు వారి గ్రబ్ కనిపిస్తుందని, అక్కడినుంచి ఎలాగో నెట్టుకు రావచ్చని నా లెక్క. అంతకంటే ఎక్కువే కనిపించింది. ఉబుంటు కెర్నెల్, అంటే ఆ వ్యవస్థకు గుండెకాయ లాంటి ప్రోగ్రాం, తానే ఒక బొమ్మగా వచ్చి కూర్చుంది. 2012 నాటి 3.3 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌ను మధ్యలో గ్రబ్ లేకుండా ఫర్మ్‌వేర్ నేరుగా నడిపించగలదు, అందుకు తగ్గట్టు తయారైన కెర్నెల్ అయితే చాలు. అయితే కెర్నెల్ ఉన్న ఎక్స్‌టీ4 విభాగాన్ని (లినక్స్ పద్ధతిలో ఫైళ్లు అమర్చిన డిస్కు భాగాన్ని) చదవడం మామూలు ఫర్మ్‌వేర్‌కు రాదు. రీఫైండ్ తన డ్రైవరు తాను తెచ్చుకుంటుంది. లోపలికి తొంగి చూసి కెర్నెల్ పట్టుకుంది. రూట్ విభాగం (వ్యవస్థ అసలు ఫైళ్లుండే భాగం) ఏదో చెప్పేవాళ్లు లేకపోతే, కెర్నెల్ ఉన్న విభాగంలోనే విభాగాల వివరాలు రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు చదివి తానే తేల్చుకుంటుంది. అంతకుముందు నా సిస్టమ్ మొహం చూడని పెన్‌డ్రైవ్ అది! ఎంటర్ నొక్కితే ఉబుంటు, దాంతోపాటు నా పుస్తకం, దేనికీ చెక్కు చెదరలేదు. లోపలికి వెళ్లాక రీఫైండ్-ఇన్‌స్టాల్ ఆదేశం ఒక్కటి ఇచ్చాను. నమోదు మళ్లీ పడింది, పాత తెర వచ్చింది.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలిచింది. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి పెన్‌డ్రైవ్ తమాషా తనూ చూడాలని ఫెడోరా కెర్నెల్ బొమ్మ మీద ఎంటర్ నొక్కితే తెర నిండా దోష సందేశాలు వచ్చి సిస్టమ్ నిలిచిపోయింది. “నీ రీఫైండ్ నా ఫెడోరాను చంపేసిందమ్మా,” అంది. చంపలేదు. ఫెడోరా మామూలుగా బూట్ ఫైళ్లను వేరే విభాగంలో పెడుతుంది. అక్కడ చదువుకోవడానికి ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఉండదు, రూట్ ఎక్కడో రీఫైండ్‌కు తెలియదు. పక్కనే ఉన్న ఫెడోరా సొంత లోడరు (ఆ వ్యవస్థను తెరిచే ప్రోగ్రాం) బొమ్మ ఎంచుకుంటే చక్కగా తెరుచుకుంది. అంటే అన్నీ వెతికి చూపిస్తుంది నిజమే, చూపించినవన్నీ నడుస్తాయని కాదు.

చూపించనక్కరలేనివీ చూపిస్తుంది. విండోస్ రికవరీ, నమోదులేవీ లేనప్పుడు ఫర్మ్‌వేర్ పిలిచే ఫాల్‌బ్యాక్ లోడరు, ఒకే ఉబుంటుకు రెండు మూడు దారులు. అక్కరలేని బొమ్మ మీద నిలిచి మైనస్ కీ నొక్కితే దాస్తుంది, కావాలంటే తిరిగి తెప్పించుకోవచ్చు. అలా దాచుకుంటూ పోయేసరికి, దాచినవాటి జాబితా ఒకటి తయారైంది. చివరిసారి తెరిచినదేదో కూడా గుర్తుంచుకుంటుంది. జాబితా రాసుకోదన్న నా మాటకు ఆ మేరకు సవరణ.

రీఫైండ్ మీద పడే నింద ఇంకొకటుంది, గడియారం. ఉబుంటు నుంచి విండోస్‌లోకి వెళితే టైము ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. బోర్డు గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయంగా, లినక్స్ అంతర్జాతీయ సమయంగా చదవడం వల్ల వచ్చే తేడా అది. ఏ బూట్ మేనేజర్ పెట్టినా అంతే.

మళ్లీ నమోదు పోకుండా ఉపాయాలు లేకపోలేదు. విండోస్ నమోదునే రీఫైండ్ ఫైలు వైపు తిప్పే బీసీడీఎడిట్ ఆదేశం ఉంది. రీఫైండ్‌ను ఫాల్‌బ్యాక్ పేరుతో కాపీ చేసి పెట్టే పద్ధతీ ఉంది. విండోస్ నమోదును తనంతట తానే తిరగరాసే మా బోర్డు దగ్గర ఈ రెండింటి మీదా నాకు నమ్మకం లేదు. పెన్‌డ్రైవ్ ఉంచుకున్నాను.

మీకు సిఫారసు చేస్తానా అంటే, మీ సిస్టమ్‌ను బట్టి. నాది డెస్క్‌టాప్, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాములనే మొదలవనిచ్చే రక్షణ) ఆపేసి ఉంది. అందువల్లే 2024 ఆగస్టులో విండోస్ నవీకరణతో చాలామంది లినక్స్ వాడుకరులకు ఎదురైన ఎస్‌బ్యాట్ తంటా (పాత లినక్స్ లోడర్లను సెక్యూర్ బూట్ అడ్డుకోవడం) నాకు తగల్లేదు. సెక్యూర్ బూట్ ఉంచుకుని రీఫైండ్ వాడాలంటే షిమ్ అనే సంతకం ఉన్న చిన్న లోడరు, తాళంచెవుల నమోదు అంటూ కొంత తతంగం ఉంది. ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉంటే ఈ ప్రయోగం వద్దు, దారి మారగానే రికవరీ కీ అడగవచ్చు. ఒక విండోస్, ఒక ఉబుంటు మాత్రమే ఉంటే ఆ ఒక్క వరుస సరిచేసుకున్న గ్రబ్ చాలు. ఇంకొకటి కూడా గమనించాలి. 2012లో రోడరిక్ స్మిత్ రీఫిట్ అనే పాత బూట్ మేనేజర్‌ను ఆధారం చేసుకుని మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం భారం చాలావరకు ఆయనొక్కరి మీదే నడుస్తోంది.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నేను దానికి నెట్ తీసేసి పేజ్‌మేకర్ వరకే వాడుతున్నాను. ప్రెస్సులు యూనికోడ్ ఫైళ్లు తీసుకోవడం మొదలుపెడితే, మా అమ్మాయి తన ల్యాప్‌టాప్ తాను కొనుక్కుంటే, నాకు బూట్ మేనేజర్‌తోనే పని ఉండదు. రెండింటిలో ఏదీ ఈ ఏడాది జరిగేలా లేదు కనుక, రీఫైండ్ ఉంటుంది.