పర్లాకిమిడి నియోజకవర్గంలో మూడు రోజులు

పర్లాకిమిడి వైపు వెళ్ళేవారిలో ఎక్కువమంది మహేంద్రగిరి చూడటానికో, గండాహతి జలపాతానికో, చంద్రగిరిలోని టిబెటన్ బౌద్ధారామానికో వెళతారు. నేను వెళ్ళింది ఒక శాసనసభ స్థానం కోసం. ఒడిశాలో ఉన్నప్పటికీ సగం మాటలు తెలుగులో నడిచే ఆ నియోజకవర్గపు చరిత్రను పుస్తకాల్లో చదివి ఊరుకోవడం కంటే, ఆ వీధుల్లో తిరిగి అర్థం చేసుకోవాలన్న కోరిక చాలా ఏళ్ళుగా ఉంది.

విశాఖపట్నం నుంచి గుణుపూర్ ప్యాసింజరులో వెళ్ళాను. నౌపడ జంక్షన్ దగ్గర ప్రధాన మార్గాన్ని వదిలి, టెక్కలి, పాతపట్నం మీదుగా వెళ్ళే ఈ దారి పర్లాకిమిడి సంస్థానం వారు వేయించినది. 1900లో రెండున్నర అడుగుల చిన్న పట్టాల మీద మొదలై, 1931లో గుణుపూర్ దాకా సాగి, 2011 నాటికి పూర్తిగా బ్రాడ్‌గేజ్‌గా మారింది. రైలు నెమ్మదిగానే వెళుతుంది కాని ఛార్జీ చాలా తక్కువ, కిటికీ పక్కన చోటు దొరికితే కొండలు చూస్తూ కూర్చోవచ్చు. సంస్థానం తన రైలును దక్షిణంగా, తెలుగు కోస్తా వైపు నడిపించిందన్న విషయం గుర్తుంచుకుంటే 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినప్పుడు ఇక్కడ రేగిన కలత తీవ్రత తెలుస్తుంది.

బస్టాండుకు దగ్గరలోని ఒక లాడ్జిలో దిగాను. ఫోనులో చెప్పిన ధర ఒకటి, బల్ల దగ్గర అడిగినది ఇంకొకటి. వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే వచ్చాయి. రెండో రోజు రాత్రి కరెంటు పోతే జనరేటరు వేయలేదు. గది మాత్రం శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే ఇచ్చారు. కుటుంబంతో వచ్చేవారు బరంపురంలో దిగి, కారు మాట్లాడుకుని వచ్చి వెళ్ళడమే సుఖం. ఒంటరిగా వచ్చి, సాయంత్రాలు ఊళ్ళో మనుషులతో మాట్లాడాలనుకునేవారికి మాత్రం ఇక్కడ ఉండటమే సరైనది, ఎందుకంటే ఈ ఊరి రాజకీయం చీకటి పడ్డాక, దుకాణాల ముందు బల్లల మీద, మొదలవుతుంది.

మొదటి ఉదయం గజపతుల కోటకు వెళ్ళాను. లోపలికి అనుమతి దొరకలేదు. బయటి నుంచి చూసినా చెన్నపట్నంలోని పాత కట్టడాలను తలపించే ఆ గుమ్మటాలూ కమానులూ మనసును పట్టేస్తాయి. ఈ ఇంటివారైన మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి, ఒడియా మాట్లాడేవారికి వేరే రాష్ట్రం కావాలని వాదించారు. సరిహద్దులు తేల్చడానికి ప్రభుత్వం వేసిన ఓడొనెల్ సంఘం పర్లాకిమిడిని కొత్త రాష్ట్రంలో చేర్చమని చెప్పలేదు. ఆ తరువాత బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త సంఘం దాకా సాగిన ప్రయత్నాల ఫలితంగా పట్టణమూ, ఎస్టేటులో కొంత భాగమూ ఒడిశాకు వెళ్ళి, మిగిలిన భాగం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. అంటే రాష్ట్రం కోసం పోరాడిన జమీందారు తన జమీనే రెండు ముక్కలు కావడానికి ఒప్పుకున్నారు. ఆ త్యాగాన్ని ఒడియావారు ఈనాటికీ తలుచుకోవడం న్యాయమే. అదే సరిహద్దు గీత తెలుగువారికి మిగిల్చిన బాధ కూడా అంతే నిజమైనది.

ఆ బాధ ఏమిటో తెలియాలంటే రాజావారి పాఠశాల వైపు నడవాలి. గిడుగు రామమూర్తి 1880లో ఇక్కడ ఉపాధ్యాయుడిగా చేరారు. కొండల్లోని సవర గిరిజనుల దగ్గర వారి భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చారు. వాడుక తెలుగు కోసం పోరాటాన్ని ఈ ఊరి నుంచే నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు, అర్ధ శతాబ్దానికి పైగా జీవించిన ఊరిని వదిలి, రాజమహేంద్రవరం తరలిపోయారు. 1940 జనవరిలో కన్నుమూశారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, పెట్టెల్లో కాగితాలు సర్దుకుని ఈ వీధిలోంచే రైలు ఎక్కడానికి వెళ్ళి ఉంటారన్న ఆలోచన వచ్చి, నేను ఆ గోడ పక్కన చాలాసేపు నిలబడిపోయాను.

కొత్త రాష్ట్రపు శాసనసభ 1937లో ఏర్పడింది. అరవై స్థానాల్లో ముప్ఫై ఆరు కాంగ్రెస్ గెలిచింది. గవర్నరు అధికారాల విషయంలో హామీ లేనిదే పదవులు తీసుకోబోమని ఆ పార్టీ నిలిచిపోవడంతో, మహారాజా ముగ్గురు మంత్రులతో ప్రభుత్వం ఏర్పాటు చేసి ఒడిశా తొలి ప్రధానమంత్రి అయ్యారు (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు). జులైలో విశ్వనాథ్ దాస్ నాయకత్వంలో కాంగ్రెస్ బాధ్యత తీసుకుంది. 1941 నవంబరు నుంచి 1944 జూన్ వరకు మహారాజా రెండోసారి ప్రభుత్వం నడిపారు. ఉత్కళ విశ్వవిద్యాలయం 1943లో స్థాపితమైంది ఆ కాలంలోనే. ఆయన మనవడు గోపీనాథ్ గజపతి 1989, 1991 ఎన్నికల్లో బరంపురం నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. అదే బరంపురం 1996లో పి.వి. నరసింహారావును గెలిపించింది. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసిన కొత్త జిల్లాకు గజపతి అనే పేరు ఈ మహారాజా జ్ఞాపకంగానే పెట్టారు.

ఇక శాసనసభ స్థానం విషయానికి వస్తే, నన్ను బాగా ఆలోచింపజేసినవి ఈ మధ్య జరిగిన ఎన్నికలు. 2014లో బిజూ జనతాదళ్ రాష్ట్రమంతా ఊడ్చేసి 147లో 117 స్థానాలు గెలిస్తే, ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి కె. సూర్యారావు నెగ్గారు. 2019లో మళ్ళీ బిజూ జనతాదళ్ ప్రభుత్వమే వచ్చినా, ఇక్కడ 2009లో ఆ పార్టీ తరఫున గెలిచిన కె. నారాయణరావు ఈసారి భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా గెలిచారు. 2024లో భారతీయ జనతా పార్టీ 78 స్థానాలతో భువనేశ్వర్‌లో అధికారం చేపడితే, ఈ ఊరివారు బిజూ జనతాదళ్‌కు చెందిన రూపేష్ పాణిగ్రాహిని ఎన్నుకున్నారు. వరుసగా మూడుసార్లు రాష్ట్రపు గాలికి ఎదురు నిలిచిన స్థానం ఇది. పార్టీ గుర్తు కంటే మనిషి పరిచయమూ, ఏ భాషలో వచ్చి పలకరించాడన్నదీ ఇక్కడ ఎక్కువ బరువు తూగుతాయని, విన్న మాటలను బట్టి నాకు అనిపించింది.

నన్ను ఇదే నియోజకవర్గంలోని కాశీనగర్ తీసుకువెళ్ళిన ఆటో అబ్బాయి ఆ మాటే చెప్పాడు. "మా నాన్న కాలం నుంచీ మీటింగంటే రెండు భాషల్లోనే బాబూ. ఒక్క భాషలో మాటాడి ఎల్లిపోతే సగం వీధికే ఇనబడతాది." వెళ్ళి రావడానికి, మధ్యలో ఆగడానికి కలిపి ముందే ఒక ధర మాట్లాడుకున్నాము, అంతకు మించి ఒక్క రూపాయి అడగలేదు. ఈ ప్రయాణంలో నాకు అందిన సేవల్లో ఇదే ఉత్తమమైనది.

కాశీనగర్‌లో టీ దుకాణం దగ్గర ఒక పెద్దాయన కలిశారు. పోయిన ఎన్నికల ఓటరు చీటీని చొక్కా జేబులోని ప్లాస్టిక్ సంచిలో ఇంకా దాచుకున్నారు. చీటీ ఒడియాలో ఉంది. ఆయనకు తెలుగు అక్షరాలు మాత్రమే వచ్చు. పేరు ఏ వరుసలో ఉందో తెలియడానికి, మనవడు బాల్‌పెన్నుతో పక్కన తెలుగులో 'తాత' అని రాసి గీత గీశాడు. మడతల దగ్గర కాగితం చిరిగింది కాని, ఆ రెండు అక్షరాలు చెక్కుచెదరలేదు. "ఓటు ఎప్పుడూ మానలేదు బాబూ," అన్నారు ఆయన, చీటీని మళ్ళీ నాలుగు మడతలు పెడుతూ.

మూడో రోజు పాతపట్నం వెళ్ళాను. షేర్ ఆటోలో కాసేపటి ప్రయాణం, రాష్ట్రం మారిందని చెప్పేవి దుకాణాల బోర్డులే. 1952లో ఈ పాతపట్నం లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన వి.వి. గిరి పుట్టింది బరంపురంలో. పుట్టిన ఊరు ఒడిశాకు వెళ్ళిపోగా, తెలుగు వైపు మిగిలిన నేల ఆయనను తొలి లోక్‌సభకు పంపింది. ఇక్కడి మెస్సులో భోజనం పర్లాకిమిడి హోటళ్ళ కంటే రుచిగా ఉంది, వడ్డన ఓపికగా ఉంది. కూరగాయలు వేసి వండే ఒడియావారి పప్పు, దాల్మా మాత్రం పర్లాకిమిడిలోనే తినాలి.

తిరుగు రైలు ఆలస్యమైంది. ఎంతసేపో చెప్పేవారు లేకపోవడంతో పాతపట్నం ప్లాట్‌ఫారం మీద కూర్చుని, కాశీనగర్‌లో రాసుకున్న కాగితాలు సరిచూసుకున్నాను. గుమ్మ కొండల్లోని సవర పల్లెలకు ఈసారి వెళ్ళలేకపోయాను. వాటికి కనీసం మరో రెండు రోజులు కావాలి, సవర వచ్చిన మనిషి తోడూ కావాలి. ఆటో అబ్బాయి తనకు తెలిసిన ఒకరిని అడిగి పెడతానన్నాడు.