సర్కారు మూడు చక్రాల బండి: మూడేళ్లు నడిపాక

మా బండి మీటరు ఇవాళ్టికి 19,400 కిలోమీటర్లు చూపిస్తోంది. అందులో చాలావరకు మా ఊరికీ, నెల్లూరు దగ్గరి కోవూరుకీ మధ్య తిరిగిందే. 2023లో వికలాంగుల సంక్షేమ శాఖ ద్వారా వచ్చింది. పేరుకే మూడు చక్రాలు. మామూలు గేర్లు లేని స్కూటరుకు వెనక రెండు పక్కలా చెరో చక్రం బిగిస్తారు కాబట్టి లెక్కకు నాలుగు. బండికి నేను పైసా కట్టలేదు, పెట్రోలు, రిపేర్లు మాత్రం మనవే. దరఖాస్తు పెట్టాలనుకునే వాళ్లు ఎలా ఉందని అడుగుతుంటే ఇది రాస్తున్నాను.

నాకు చిన్నప్పుడే పోలియో, రెండు కాళ్లకీ. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 76 శాతం. ఈ బండికి 70 శాతం గానీ అంతకు మించి గానీ ఉండాలి, వయసు 45 లోపు ఉండాలి. నియోజకవర్గానికి 10 బండ్ల లెక్కన ఇస్తారు కాబట్టి, అర్హత ఉన్నా వరస రావాలి.

బండి కంటే ముందు కుట్టుమిషను సంగతి చెప్పాలి. 2019లో ఒకచోట మూడు నెలలు ఉచితంగా టైలరింగ్ నేర్పారు. నేర్పిన మేడం బంగారం లాంటి మనిషి. కానీ అక్కడున్నవన్నీ తొక్కుడు మిషన్లు! కాళ్లు పనిచేయని వాళ్లం ఆరుగురం ఉన్నాం ఆ బ్యాచ్‌లో. కటింగ్ మేం చేసేవాళ్లం, కుట్టడం పక్కవాళ్లు చేసేవాళ్లు. చివర్లో సర్టిఫికెట్‌తో పాటు ఒక మిషను కూడా ఇచ్చారు. అదీ తొక్కుడుదే. రెండేళ్లు మా వసారాలో దాని మీద బట్టలు ఆరేసుకున్నాం.

2021లో కోవూరులో ఒక మెకానిక్ దానికి 1,800 రూపాయలకు మోటారు బిగించాడు. కాలితో నొక్కే పెడల్‌ని బల్ల కాలికి నిలువుగా బిగించి, మోకాలి పక్కతో నొక్కేలా చేశాడు. ఆ రోజు నుంచి నేను టైలర్‌ని. ఆ పని శిక్షణ రోజునే చేసి ఉంటే రెండేళ్లు కలిసొచ్చేవి.

ఇంట్లో కుడితే ఊళ్లో జాకెట్లే వస్తాయి, అవీ అరువు. కోవూరులో ఒక షాపులో పీస్ లెక్కన పనికి పోదామంటే ఆటో. చంకకర్రలు పక్కన పెట్టుకుంటే ఇంకో సీటు డబ్బులడిగేవాళ్లు. సాయంత్రం ఏడు దాటితే ఆటోలే ఉండవు. వచ్చే కూలి సగం దారికే పోయేది. నాలుగు నెలలకు మానేశాను.

బండి వచ్చాక పొద్దున తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండగలిగాను. లైనింగులు, ఫాల్స్ తెచ్చుకోవడానికి పెన్నా వంతెన దాటి నెల్లూరు చిన్నబజారుకి నేనే పోతున్నాను. 2024 జులై నుంచి పింఛను 3,000 నుంచి 6,000 అయ్యాక ధైర్యం వచ్చి సొంత షాపుకి గది అద్దెకు తీసుకున్నాను. దసరా, సంక్రాంతి నెలల్లో ఖర్చులు పోను 14, 15 వేలు మిగులుతున్నాయి. ఇంట్లో కుట్టినప్పుడు ఇందులో మూడో వంతు కూడా లేదు.

ఇక బండి కష్టాలు. రివర్సు లేదు. సందులోకి దూరితే ఎవరో ఒకరు వచ్చి వెనక్కి లాగాలి. పక్క చక్రాల వల్ల వెడల్పు ఎక్కువ, స్పీడ్ బ్రేకర్ ఎత్తుగా ఉంటే అడుగున రాసుకుంటుంది. మైలేజీ 35 దాటదు. ఏడాదికోసారి పక్క చక్రాల బేరింగులు పోతాయి. మామూలు మెకానిక్‌లు చూడగానే "అక్కా, ఇది మాకు కుదరదు" అంటారు. మిగ్‌జాం తుపానుకు మా వీధిలో నీళ్లు నిలిచినప్పుడు రెండు రోజులు స్టార్టు కాలేదు. చంకకర్రలు పెట్టుకోవడానికి చోటే లేదు. వెల్డింగు షాపులో 350 ఇచ్చి కొక్కెం పెట్టించుకున్నాను. వికలాంగులకని చేసిన బండికి అది మేమే పెట్టించుకోవాలా?

అప్పు సంగతీ చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 19వ సెక్షన్‌లో మాకు పని నేర్పించాలని, స్వయం ఉపాధికి రాయితీ వడ్డీకి అప్పులివ్వాలని ఉంది. సొంత పని పెట్టుకునేవాళ్లకు కేంద్రం పెట్టిన పీఎంఈజీపీ పథకంలో పల్లెటూళ్లో వికలాంగులకు 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతమే. నేను వెళ్లినప్పటికి 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదు కూడా. నేను వెళ్లిన బ్యాంకులో మాత్రం పొలం కాగితాలు తెమ్మన్నారు. మూడుసార్లు తిరిగి ఊరుకున్నాను. చీర అంచులు కుట్టే పీకో మిషను చివరికి మా పొదుపు సంఘం అప్పుతోనే కొన్నాను. సారా మాన్పించి పొదుపు సంఘాలకు దారి చూపిన దూబగుంట ఆడవాళ్ల జిల్లాలో పుట్టాం, సంఘమే దిక్కనుకుంటే తప్పేముంది.

2025లో పింఛన్లకు మళ్లీ వైకల్య పరీక్షలు పెట్టినప్పుడు, మా వీధిలో చూపులేని పిల్లాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. వాళ్లమ్మ ఆటోకని ఇవ్వబోయిన డబ్బులు పెట్రోలుకు కూడా తీసుకోలేదు.

బండికి అయిదుకి ఎన్ని మార్కులంటే నాలుగిస్తాను. మిషను శిక్షణకు ఒకటిన్నర, అదీ ఆ మేడం కోసం. దరఖాస్తు పెట్టేవాళ్లు ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకునే లైసెన్సు, ముందే తీసి పెట్టుకోండి. బండి చేతికొచ్చే రోజు రివర్సు ఉందా అని అడగండి, పక్క చక్రాలు తిప్పి చూడండి, స్పేర్ బేరింగులు ఎక్కడ దొరుకుతాయో అక్కడే రాయించుకోండి. నా ఎడమ చక్రం మళ్లీ కూస్తోంది. రేపు షాపు మధ్యాహ్నం నుంచే.