పెద్ద స్తంభాల ఫంక్షన్ హాల్: అయిదుకి రెండున్నర

మొన్న మాఘంలో మా అక్క మనవరాలి పెండ్లి ఈ హాల్‌లోనే చేశాం. పేరు రాయను. హనుమకొండ చుట్టుపక్కల ఇప్పుడు ఇలాంటివి చాలానే ఉన్నాయి. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన మనిషిని, కాబట్టి నా కండ్లు బగారన్నం కంటే ముందు గోడల మీదికే పోతాయి.

లోపలికి పోవాలంటే పద్దెనిమిది మెట్లెక్కాలి. ర్యాంపు లేదు. మోకాళ్ల నొప్పుల మా అక్కను ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు పిల్లలు మోసుకుపోయారు. పైన ఎనిమిది స్తంభాలు. ఇద్దరం చేతులు కలిపి పట్టుకున్నా అందనంత లావు. వేలితో కొట్టి చూశాను, డొల్ల చప్పుడు. డెకరేషన్ వాళ్లు మేకు దిగ్గొట్టిన చోట తెల్లటి పొడి రాలుతోంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్.

"మా ఓనర్ గారే డిజైన్ చేసిండు సార్, ఇంజినీర్ మాట కూడా వినలే" అన్నాడు మేనేజర్ గర్వంగా. నాకు హిట్లర్ గుర్తొచ్చాడు. ఓనరు మంచి మనిషే అయి ఉంటాడు, నేనంటున్నది టేస్టు సంగతి.

1907లో, పద్దెనిమిదేళ్లప్పుడు, హిట్లర్ వియన్నా లలితకళల అకాడమీ ప్రవేశ పరీక్ష తప్పాడు. అతని బొమ్మల గురించి అక్కడివాళ్లు రాసుకున్న మాట "తలలు తక్కువ". అంటే మనుషుల బొమ్మలు తక్కువని. మరుసటి ఏడు పరీక్షకే కూర్చోనివ్వలేదు. అతని నీటిరంగుల బొమ్మలు అచ్చులో చూశాను. కిటికీలు, కమానులు స్కేలు పెట్టి గీసినంత పొందికగా ఉంటాయి, మనుషులు మాత్రం తర్వాత అంటించినట్టుంటారు. నా క్లాసులో పిల్లాడైతే పాస్ మార్కులేసి, కూరగాయల మార్కెట్‌లో కూర్చుని వారం రోజులు మనుషుల్ని గీసుకురమ్మనేవాణ్ని.

అధికారం చేతికొచ్చాక అతని కట్టడాల్లో మనిషి ఇంకా చిన్నవాడయ్యాడు. తన ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ స్పీర్ చేత బెర్లిన్‌లో కట్టించుకున్న కొత్త ఛాన్సలరీ, అంటే తన అధికార కార్యాలయం, 1939 జనవరికి పూర్తయింది. అందులో పాలరాతి గ్యాలరీ ఒక్కటే 146 మీటర్లు, ఫ్రాన్స్ రాజుల వెర్సాయ్ కోటలోని అద్దాల మహల్‌కు రెట్టింపు. నున్నటి ఆ నేల మీద తివాచీ పరుద్దామంటే వద్దన్నాడట. రాయబారులకు జారే నేల మీద నడవడం అలవాటు కావాలని!

ఈ హాల్‌లో స్టేజి నుంచి డైనింగ్‌కు పోయే వరండాదీ అదే తంతు. అద్దంలాంటి గ్రానైటు, ఒక్క మ్యాట్ లేదు. పప్పుచారు బకెట్‌తో వస్తున్న పిల్లాడు జారి పడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ చారంతా మా బావ పట్టుపంచె మీదే. మేనేజర్‌కు చెబితే "మ్యాట్ వేస్తే లుక్ పోతది సార్" అన్నాడు.

ఇక గుమ్మటం. పంతులు ఒకసారి చదివిన మంత్రం రెండుసార్లు వినిపిస్తోంది. వెనక వరుసల వాళ్లు తాళి కట్టకముందే అక్షింతలు చల్లేశారు. బెర్లిన్ కోసం స్పీర్ గీసిన మహాసభామందిరం గుమ్మటమైతే 290 మీటర్ల ఎత్తు, కింద లక్షన్నరకు పైగా జనం. అంతమంది ఊపిరికి లోపలే మబ్బు కడుతుందేమో అనే మాట కూడా వచ్చింది. కట్టనే లేదనుకోండి. దానితో పాటు కట్టాలనుకున్న విజయతోరణం 1925లో హిట్లర్ తన చేత్తో గీసుకున్నదే. ఆ బరువును బెర్లిన్ నేల మోస్తుందా లేదా అని 1941లో 12,650 టన్నుల కాంక్రీటు దిమ్మ కట్టి చూశారు. మూడేళ్లు తిరక్కుండానే దాదాపు 19 సెంటీమీటర్లు దిగబడింది. ఆ దిమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. మన రామప్ప గుడికి పునాదిలో ఇసుక నింపి 1213 నాటికే ఆ తలనొప్పి తీర్చుకున్నారు. స్తంభాల పైన మదనికలను, అంటే నాట్యకత్తెల శిల్పాలను, నిలబెట్టారు కూడా. అక్కడ తలలకేం కొదవ లేదు.

మంచి చెప్పకపోతే అన్యాయం. పార్కింగ్ విశాలం, ఏసీ ఆగలేదు, బాత్రూములు సాయంత్రం దాకా శుభ్రంగా ఉన్నాయి. ఆ రెండున్నర వీటికే. కిరాయి మాట్లాడుకునేటప్పుడు కరెంటు, జనరేటర్ కలిపా, వేరేనా అని ముందే అడగండి. మాకు లెక్క తేల్చేటప్పుడు చెప్పారు. పెద్దవాళ్లుంటే వెనక వంటవాళ్ల గేటు తీయించండి, అటువైపు మెట్లు లేవు. మాకది అప్పగింతలయ్యాక తెలిసింది.

పోయిన వారం ఆల్బమ్ వచ్చింది. నడిమి రెండు పేజీల్లో గుమ్మటం, ఎనిమిది స్తంభాలు, కింద చీమల్లా మేమంతా. మా అక్క తనెక్కడుందో చూపించమని కూర్చుంది. చివరికి ఎర్ర కుర్చీని బట్టి పట్టుకున్నాం.